మేనేజర్లకు ట్రైనింగ్ ఇప్పిస్తే కంపెనీ మారుతుందా?

రాత్రి_షిఫ్ట్:
మాది పటాన్‌చెరు వైపు ఫార్మా ప్లాంట్. కాగితం బ్యాచ్ రికార్డులు (ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసుకునేవి) తీసేసి అన్నీ ట్యాబ్‌లోకి ఎక్కిస్తున్నారు. ఈ మార్పు కోసమని మేనేజర్లందరికీ రిసార్ట్‌లో రెండు రోజులు లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇప్పించారు. వచ్చిన వారమంతా "మీరేమంటారు, చెప్పండి" అని అడిగారు, తర్వాత షరా మామూలే. మొన్న ఒక ఆపరేటర్ రీడింగ్ తప్పు ఎక్కించానని తనంతట తానే వచ్చి చెబితే, మా సార్ అందరి ముందూ "నీకు ఉద్యోగం ఎవడిచ్చాడ్రా" అన్నాడు. ఇక ఎవరైనా నోరు విప్పుతారా? ఈ ట్రైనింగుల వల్ల ఉపయోగం ఉందంటారా?

కొండాపూర్_అన్న:
ఉంది గానీ ట్రైనింగ్ ఒక్కదానితో కాదు. మైక్రోసాఫ్ట్ సంగతే చూడండి, ప్రతి టీమ్‌లో ఇంతమంది వెనకబడినవాళ్లు ఉండి తీరాల్సిందే అన్నట్టు ర్యాంకులిచ్చేవాళ్లు, దాంతో పక్కవాడికి సాయం చేయాలంటేనే భయం. 2013 నవంబరులో ఆ పద్ధతి ఎత్తేశారు. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సీఈవో అయింది 2014 ఫిబ్రవరిలో, అంటే ఆయన రాకముందే (అందరూ మొత్తం ఆయన ఖాతాలోనే వేస్తారనుకోండి). ర్యాంకులు అలాగే ఉంచి ఎంపతీ గురించి ఎంత చెప్పినా ఎవడు వింటాడు? అలాగని ఆయన చేసింది తక్కువేం కాదు. 2016 మార్చిలో వాళ్ల 'టే' చాట్‌బాట్ ట్విట్టర్‌లో నానా చెత్తా వాగితే ఒక్క రోజులోనే ఆపేయాల్సి వచ్చింది. పరువు పోయిన ఆ టీమ్‌కి ఈయన మెయిల్ పెట్టి, నేను మీ వెంటే ఉన్నాను, పని కానివ్వండి అన్నాడు. మీ సార్ అన్నమాట పక్కన ఇది పెట్టి చూడండి.

హెచ్ఆర్_పాతకాపు:
మీ సార్ అప్రైజల్‌లో ఏముందో కనుక్కోండి. డీవియేషన్లు (పద్ధతి తప్పి జరిగినట్టు నమోదైనవి) ఎంత తగ్గితే అంత మంచి రేటింగ్ అని ఉంటే, రిసార్ట్‌లో ఏం నేర్చుకున్నా సరే, తప్పు చెప్పినవాడు ఆయనకి శత్రువే. ట్యాబ్ వచ్చినా దాచేవాళ్లు దాస్తారు, రేపు యూఎస్ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్షన్‌లో బయటపడితే అది డేటా ఇంటెగ్రిటీ కేసు, అంటే మన రికార్డులే నమ్మలేమన్నట్టు, అప్పుడు మొత్తం ప్లాంట్‌కే ముప్పు. ఇంకోటి, క్లాసు అయ్యాక ఎవరైనా ఆ మేనేజర్ మార్నింగ్ మీటింగ్‌లో వెనక కూర్చుని, "ఎవరు చేశారు" బదులు "ఎలా జరిగింది" అని అడుగుతున్నాడో లేదో చూసి, తర్వాత విడిగా చెప్పాలి. కొన్ని నెలలు పడుతుంది, ఆ ఓపిక మన కంపెనీలకి ఉండదు.

గట్టిగా_చెప్తా:
పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. కొందరిని మనుషుల మీద కాకుండా మిషన్ల మీద పెట్టాలి, అంతే.

రాత్రి_షిఫ్ట్:
@హెచ్ఆర్_పాతకాపు మీరన్నది నిజమే, ఆయన కేఆర్ఏలో (పనితీరు కొలిచే లక్ష్యాల జాబితా) మొదటి లైనే డీవియేషన్ల తగ్గింపు. మా క్యూఏ (క్వాలిటీ విభాగం) మేడమ్‌తో మాట్లాడి చూస్తా, జీఎం ఆవిడ మాట వింటాడు.