ఘటన జరిగి పన్నెండేళ్లు దాటాక కేసు పెట్టవచ్చా?

ప్రశ్న (కావలి): 2013లో నాకు పదకొండేళ్లు. ట్యూషన్ చెప్పే ఆయన నన్ను తాకరాని చోట తాకేవాడు. సైకిలు గంట వినిపిస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మొన్న అమ్మకు చెప్పాను. "ఇన్నేళ్లయ్యాక ఎవరు వింటారు తల్లీ" అని ఏడ్చింది. గడువు దాటిపోయిందా?

జవాబు (ఒంగోలు, న్యాయవాది): లేదమ్మా. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది, మీది ఆ తర్వాతి ఘటన. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు గడువు లేదు. మీరు చెప్పింది ఆ కోవలోనిదే. మాటలు, సైగల వరకే అయితే మూడేళ్ల గడువు అడ్డొస్తుంది, దాన్నీ కోర్టు మన్నించవచ్చు. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

కావలి: ఆయన సంతకాలు, తేదీలు ఉన్న లెక్కల నోటుబుక్కు ట్రంకుపెట్టెలో ఉంది.

జవాబు (కందుకూరు): దాన్ని భద్రంగా దాచు చెల్లీ. స్టేషన్‌కు అమ్మను కూడా తీసుకెళ్లు.