అప్‌డేట్ చేశాక సన్నాయి శ్రుతి మారిపోయింది, ఎవరికైనా ఇలా జరిగిందా?

పటమట రికార్డింగ్:
అందరికీ నమస్కారం. మా ఇంటి పై గదిలో చిన్న సెటప్ పెట్టుకుని భజనలు, జానపదాలు, సన్నాయి మేళాలు రికార్డ్ చేస్తుంటాను. నేను వాడే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, తప్పు దానిదో నాదో ఇంకా తేలలేదు. పోయిన ఆదివారం రాత్రి కొత్త వెర్షన్ వచ్చిందని తెర మీద కనపడితే ఓకే కొట్టేసి పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే తెనాలి వైపు నుంచి మేళం వాళ్లు వచ్చారు. ఫ్యాన్ ఆపేసి, కిటికీలకి దుప్పట్లు కట్టి, చెమటలు కక్కుకుంటూ మధ్యాహ్నం దాకా నాలుగు కీర్తనలు పూర్తి చేశాం. హెడ్‌ఫోన్స్‌లో విన్నాం, స్పీకర్లలో విన్నాం, బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ఫైల్ చేసి పంపాను. అరగంటకి సన్నాయి పెద్దాయన ఫోన్ చేసి "నాయనా, ఇది నా వాద్యం కాదు, శ్రుతి లేచిపోయింది, డోలు కూడా పరిగెడుతోంది" అన్నారు. నేను నమ్మలేదు. ఫోన్‌లో పెట్టి చూస్తే నిజమే. స్టూడియోలో సరిగ్గా ఐదు నిమిషాలున్న కీర్తన ఫోన్‌లో 4 నిమిషాల 36 సెకన్లకే అయిపోతోంది. తిరిగి వచ్చి లాప్‌టాప్‌లో వింటే మామూలుగానే ఉంది! ఆయనకి డెబ్భై దాటాయి, మళ్లీ పిలిచి వాయించమనడానికి నాకు నోరు రావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట అబ్బాయి:
అన్నా, ఐదు నిమిషాలు 4:36 అయిందన్నారు కదా, ఆ లెక్కే మొత్తం చెప్పేస్తోంది. 300 సెకన్లని 276తో భాగించండి, 48000ని 44100తో భాగించండి, రెండూ 1.09 దగ్గర ఆగుతాయి. మీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైక్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె, శబ్దాన్ని సెకనుకి 44100 శాంపిల్స్ (చిన్న కొలతలు) చొప్పున పట్టుకుంది, సాఫ్ట్‌వేరేమో అవి 48000 అనుకుని రాసుకుంది. స్టూడియోలో వినేటప్పుడు అదే ఇంటర్‌ఫేస్ అదే 44100తో వినిపిస్తుంది కాబట్టి తేడా తెలియదు. బయటికి వెళ్లిన ఫైల్ మీద 48000 అని ముద్ర ఉంటుంది, ఫోన్ దాన్ని నమ్మి వేగంగా ఆడిస్తుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ (హార్మోనియంలో ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకి ఉన్న దూరం) పెరుగుతుంది. అప్‌డేట్‌లో కొత్త ప్రాజెక్టుల డిఫాల్ట్ రేటు మారిందేమో చూడండి. కంగారు పడకండి, రికార్డింగ్ పోలేదు.

కొత్తపేట మృదంగం:
ఒకటిన్నర సెమిటోన్ అంటే మన భాషలో, ఐదు శ్రుతిలో వాయించింది ఐదున్నర దాటిపోయి ఆరుకి అందకుండా మధ్యలో వేలాడుతుంది. ఏ శ్రుతి పెట్టెతోనూ కలవదు. పెద్దాయన చెవికి అది ముల్లులా గుచ్చుకుని ఉంటుంది, అరగంట ఆగి ఫోన్ చేశారంటే ఆయన మర్యాద అది.

గవర్నర్‌పేట గాయని:
నాకు వేరే రకంగా జరిగింది. రెండేళ్ల క్రితం ఒక స్టూడియోలో తోడి రాగంలో కృతి పాడాను. అప్పటి మిక్స్ చాలా బాగా వచ్చింది. ఈమధ్య ఒక లైన్ సరిచేద్దామని అదే ప్రాజెక్ట్ తెరిపించాను. ఈలోపు వాళ్లు శ్రుతి సరిచేసే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) కొత్త వెర్షన్ వేసుకున్నారట. విన్న మొదటి నిమిషంలోనే నా గాంధారం పోయింది. తోడిలో గాంధారం నిలబడే స్వరం కాదు, ఊగుతూ ఉండాలి, ఆ ఊపే తోడి. కొత్త వెర్షన్‌లో పాత సెట్టింగ్ నిలవక, సరిచేసే వేగం బాగా ఎక్కువకి వెళ్లిపోయింది, దాంతో ఆ ఊపుని "తప్పు" అనుకుని మెట్లు మెట్లుగా కోసేసింది. వింటుంటే ఏడుపొచ్చింది. ఇంజనీర్ అబ్బాయి మంచివాడే, మాన్యువల్ తీసి ఇద్దరం చదివాం. అందులో వైబ్రాటో గురించి ఒక పేజీ ఉంది, గమకం అనేది ఒకటుందన్న ఊహ కూడా రాసినవాళ్లకి లేదు. వైబ్రాటో అంటే ఒక స్వరం చుట్టూ చిన్న వణుకు. గమకం ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారి. ఆ దారే చెరిపేస్తే మిగిలేదేముంది? చివరికి ఆ ప్లగిన్ పూర్తిగా తీసేయించాను. అక్కడక్కడా నా గొంతు కొంచెం తగ్గింది, తగ్గనీ.

పటమట రికార్డింగ్:
అక్కా, మీరు చెప్పింది చదివాక నాకూ భయమేసింది, నా పాత ప్రాజెక్టులు ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. @బ్రాడీపేట, మీరన్నది నిజం. సాఫ్ట్‌వేర్‌లో 48000 ఉంది, ఇంటర్‌ఫేస్ ప్యానెల్‌లో 44100 ఉంది. అప్‌డేట్‌తో వచ్చిన నోట్స్ ఇప్పుడు చదివాను. పైన "పలు సమస్యలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం" అని పెద్ద అక్షరాల్లో ఉంది. డిఫాల్ట్ రేటు మారిన సంగతి కింద ఎక్కడో, రంగుల థీమ్ గురించి రాసిన నాలుగు లైన్ల తర్వాత ఒక్క లైన్‌లో ఉంది. మాన్యువల్ తెరిస్తే అందులో ఇంకా పాత స్క్రీన్ బొమ్మలే. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ ఒక్క లైన్ పైన రాసి ఉంటే ఆ నాలుగు గంటల కష్టం ఇలా అయ్యేది కాదు కదా.

గుణదల క్వయర్:
కోపం న్యాయమే కానీ అప్‌డేట్లన్నీ చెడ్డవి అనకండి బ్రదర్. మా క్వయర్ పాటలు ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తాం, ఉచితం కాబట్టి. ముందు రివర్బ్ (గొంతుకి పెద్ద హాలు మోత ఇచ్చే ఎఫెక్ట్) ఒకసారి వేస్తే ఆడియోలో కలిసిపోయేది, ఎక్కువైతే వెనక్కి తీసి మళ్లీ వేయాలి. 2022లో 3.2 వెర్షన్ వచ్చాక పాట ఆడుతుండగానే రివర్బ్ తగ్గించి పెంచి చూసుకుంటున్నాం. క్రిస్మస్ పాటల మిక్సింగ్‌కి వారం పట్టేది, రెండు రోజుల్లో అయిపోయింది. ఎడిటింగ్ చూసుకునే మా చెల్లికి ఆ అప్‌డేట్ పండగే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 2021లో 3.0 నుంచి దాని ప్రాజెక్ట్ మొత్తం ఒకే ఏయూపీ3 ఫైల్‌లో ఉంటుంది, పాత వెర్షన్లు దాన్ని తెరవలేవు. మేము ప్రాజెక్ట్ తెరిచి ఉండగానే ఆ ఒక్క ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం. పక్కనే డబ్ల్యూఏఎల్ అని ఇంకో ఫైల్ ఉంటే అది చెత్త అనుకున్నాం. అప్పటికి ఇంకా సర్దని మార్పులు అందులోనే ఉంటాయట. ఇంటికెళ్లి చూస్తే చివరి చరణం ఆల్టో (ఆడవాళ్లలో కింది స్థాయి పాడే) వాళ్ల గొంతులు లేవు. ప్రాజెక్ట్ మూసేశాకే కాపీ చేయండి.

సత్తెనపల్లి రోడ్డు:
పెన్‌డ్రైవ్ అంటే గుర్తొచ్చింది. రాత్రి హరికథ రికార్డ్ చేసేవాళ్లు చూసుకోండి, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, మామూలు వేవ్ ఫైల్‌కీ అదే హద్దు. 44100లో 32 బిట్ స్టీరియో పెడితే గంటకి దాదాపు 1.18 జీబీ, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలకి నిండిపోతుంది. మా ఊళ్లో కథ సరిగ్గా రక్తి కట్టేది ఆ టైమ్‌కే. నేను ఇప్పుడు గంటకొకసారి, హరిదాసుగారు మంచినీళ్లు తాగేటప్పుడు, ఆపి కొత్త ఫైల్ మొదలుపెడతాను.

నల్లపాడు కీబోర్డ్:
నా బాధ వినండి. పాత తబలా ప్లగిన్ ఒకటి ఉండేది, 32 బిట్‌ది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ 64 బిట్ ప్లగిన్లే తీసుకుంటానంది, ఆ తబలా చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని మీద కట్టిన పదిహేను పాటల్లో తబలా ట్రాక్ ఉన్నచోట ఇప్పుడు నిశ్శబ్దం. పైగా ఈమధ్య క్రాక్లింగ్, అంటే చిటపట శబ్దం, కూడా వస్తోంది, అదీ అప్‌డేట్ దయే.

బ్రాడీపేట అబ్బాయి:
క్రాక్లింగ్ అప్‌డేట్ మీద వేయకు తమ్ముడూ, ముందు చూసుకో. మే నెలలో గుంటూరులో ఫ్యాన్, ఏసీ ఆపేసిన గదిలో లాప్‌టాప్ వేడెక్కి దానంతట అదే వేగం తగ్గించుకుంటుంది. నాకు నెల రోజులు అదే జరిగింది, వెర్షన్లు మార్చి మార్చి విసిగిపోయాను, చివరికి లాప్‌టాప్ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడేలా చేస్తే ఆగిపోయింది. ఇంకోటి, కరెంట్ పోయి బ్యాటరీ మీదకి రాగానే పవర్ సేవింగ్‌లోకి పోతుంది, అప్పుడూ వస్తుంది. పాడేటప్పుడు బఫర్ (లాప్‌టాప్ ఒక్కో విడతలో అందుకునే శాంపిల్స్ సంఖ్య) 256 పెట్టు, 48000లో అది ఐదు మిల్లీసెకన్ల చిల్లర, తెలియదు. మిక్సింగ్‌లో 1024కి పెంచు, 21 మిల్లీసెకన్ల ఆలస్యం అప్పుడు ఎవరికీ అడ్డు కాదు.

తబలా సంగతికి మాత్రం నా దగ్గర మందు లేదు, పాత వెర్షన్ పక్కన ఉంచుకోవడం తప్ప. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇందులో సుఖం ఉంది, పాత వెర్షన్లు వాళ్ల సైట్‌లోనే దొరుకుతాయి, పోర్టబుల్‌గా వేరే ఫోల్డర్‌లో వేసుకుంటే పాతదీ కొత్తదీ ఒకదాన్నొకటి ముట్టుకోవు. వాళ్ల యూజర్ గైడ్ 400 పైచిలుకు పేజీలు, ఓపిగ్గా రాశారు.

రేడియో మాస్టారు:
చదువుతున్నాను అందరివీ. నేను స్పూలు టేపుల కాలం వాడిని, రేడియోకి పాటలు పాడేవాడిని. మన విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది, నేను వెళ్లేసరికి అంతా టేపే. పటమట బాబుకి జరిగింది మాకు కొత్త కాదు. ఏడున్నర అంగుళాల వేగంతో ఎక్కించిన టేపుని పదిహేనులో ఆడిస్తే పాట చిలకపలుకు అయ్యేది. మీ శాంపిల్ రేటు అంటే మా టేపు వేగమే. అందుకే ప్రతి స్పూలు పెట్టె మీదా పెన్నుతో రాసేవాళ్లు: తేదీ, వేగం, ఎవరు పాడారు, ఏ శ్రుతి, తంబురా ఎవరిది. పెట్టె విప్పకముందే అన్నీ తెలిసేవి. మీ ఫోల్డర్లో ఒక చిన్న నోట్ పెట్టుకోండి నాయనా, వెర్షన్ నంబరు, రేటు, బఫర్, వాడిన ప్లగిన్లు. ప్రతి ట్రాక్‌నీ విడిగా వేవ్‌గా తీసి అందులోనే దాచండి. అలా చేసి ఉంటే నల్లపాడు అబ్బాయి తబలా ఇవాళ మోగుతూ ఉండేది.

మంగళగిరి అనువాదం:
మాస్టారు చెప్పిన నోట్‌నే తెలుగులో ఒక పేజీగా రాద్దామా? నేను మాన్యువళ్లు తెలుగు చేస్తుంటాను. ఒక సందేహం, మెనూల పేర్లు తెలుగులోకి మార్చాలా?

కొత్తపేట మృదంగం:
వద్దండీ. తెర మీద ఇంగ్లీషులో కనపడే మాటని తెలుగులో రాస్తే ఏ బటనో వెతుక్కోలేక చస్తాం. బటన్ పేరు అలాగే ఉంచి, అది ఏం చేస్తుందో తెలుగులో చెప్పండి, ఉదాహరణలు మన సంగీతంలోంచి తీసుకోండి. మిశ్ర చాపుకి క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) ఎలా పెట్టాలో ఏ మాన్యువల్లోనూ నాకు దొరకలేదు. ఏడు దెబ్బలు పెడితే మొదటిది గట్టిగా, మిగతా ఆరూ ఒకేలా కొడుతుంది. తకిట తకధిమి అని మూడు, నాలుగు విరుపు వినపడకపోతే పాడే పిల్లలు నాలుగో దెబ్బకే తప్పిపోతారు. నేను ఒకటో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మృదంగం చాపు దెబ్బ పెట్టి నా క్లిక్ నేనే రికార్డ్ చేసుకున్నాను. కావాలంటే ఆ ఫైల్ ఇస్తాను.

గవర్నర్‌పేట గాయని:
గమకం పేజీ నాకు వదిలేయండి, నేను రాస్తాను. తోడి, కాంభోజి రెండూ పాడి రికార్డ్ చేసి పంపుతాను, ప్లగిన్ వేసినదీ వేయనిదీ పక్కపక్కన వింటే ఎవరికైనా అర్థమవుతుంది.

మంగళగిరి అనువాదం:
చాలా సంతోషం అక్కా. ఆర్డోర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌ని ఎవరైనా సరిచేసి పంపొచ్చు, దాని సోర్స్ బహిరంగంగానే ఉంది. ఏడు దెబ్బల తాళం ఉదాహరణ అక్కడికి కూడా ఇంగ్లీషులో రాసి పంపుతాను.

బ్రాడీపేట అబ్బాయి:
@పటమట, ఫైళ్లు ఎంతవరకు వచ్చాయన్నా? ఆడాసిటీలో తెరిచి, ట్రాక్ పేరు పక్కన మెనూ తెరిచి, రేట్ దగ్గర 44100 ఎంచుకోండి. రీశాంపుల్ జోలికి మాత్రం వెళ్లకండి, అది వేరే పని, తప్పు శ్రుతినే భద్రంగా మార్చి ఇస్తుంది.

పటమట రికార్డింగ్:
అయిపోయింది! నాలుగు కీర్తనలూ మార్చాను. మొదటిది సరిగ్గా ఐదు నిమిషాలు వచ్చింది. ఈసారి వాట్సాప్‌లో పంపలేదు, బండేసుకుని తెనాలి వెళ్లి పెద్దాయన ముందే ఫోన్‌లో పెట్టాను. ఆయన శ్రుతి పెట్టె పక్కన మోగించుకుని కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. అయ్యాక "ఇది నాదే, రెండో చరణంలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది" అన్నారు. కాఫీ ఇచ్చారు. వచ్చే వారం మిగతా రెండు కీర్తనలకి వస్తామన్నారు. అప్పటిదాకా ఏ అప్‌డేటూ ముట్టుకోను, ఆ కంపెనీకి మాత్రం ఆ ఒక్క లైన్ పైకి తెమ్మని ఈ వివరాలన్నీ పెట్టి రాశాను.

సత్తెనపల్లి రోడ్డు:
వాళ్ల జవాబు వస్తే ఇక్కడ పెట్టండి. మా హరిదాసుగారి కథ శనివారం ఉంది, వెళ్లేముందు రెండు చోట్లా రేటు చూసుకుంటాను.