అమ్మకు ఏ మాటతో చెప్పాలి?

నాకు 34 ఏళ్లు. గుంటూరులో పుట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, ఆరేళ్లుగా నేను ప్రేమించిన స్త్రీతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. మా అమ్మ దృష్టిలో మాత్రం ఆమె ఇంకా అద్దె పంచుకునే స్నేహితురాలే. 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలు నేరం కాదని 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన రోజున, నేను లెస్బియన్‌నని మొదటిసారి పైకి అనుకున్నాను. ఆ మాట అప్పట్లో నాకు ధైర్యాన్నిచ్చింది. ఇప్పుడు ప్రతిచోటా దానితోనే పరిచయం చేసుకోవాలని లేదు, అలాగని వదులుకోవాలనీ లేదు. పత్రికలు వాడే ‘స్వలింగ సంపర్కురాలు’ అనే పదం మా బంధాన్ని పడకకే కుదించేస్తుంది (కూరలో కారం గురించి రోజూ వాదించుకునే ఇద్దరికి ఆ పేరు ఎలా సరిపోతుందో!).

2023 నాటి సుప్రీంకోర్టు తీర్పులో మా వంటివారి పెళ్లికి గుర్తింపు దక్కలేదు. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డంకి లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది కనుక, ఖాతా తెరిచి, ఒకరికొకరం నామినీలుగా ఉండాలనుకుంటున్నాం. ఆ కాగితాలు అమ్మ కంటపడకముందే నేనే చెప్పాలి.

ఇంగ్లీషు రాని తల్లికి, ముద్ర వేసే పదం వాడకుండా, ‘స్నేహితురాలు’ అన్న మాట చాటున దాక్కోకుండా, ఈ సంగతి తెలుగులో చెప్పినవారు ఏ మాటలతో మొదలుపెట్టారో దయచేసి తెలియజేయగలరా?