చలి దేశంలో పాత టర్బో కారు: ఆయిల్ చిక్కగా ఉండాలా, పలుచగా ఉండాలా?

నెల్లూరు అన్నయ్య

మా తమ్ముడు కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల 2004 నాటి సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ కొన్నాడు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను, ఇప్పటికి 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. 1995లో కొలిన్ మెక్‌రే ఇంప్రెజాతో ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయ్యాడు. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఆ నీలం కారంటే ప్రాణం. ఇన్నాళ్లకు దొరికింది.

చిక్కంతా ఆయిల్ దగ్గర వచ్చింది. కారుతో వచ్చిన పుస్తకంలో ఆయిల్ చిక్కదనం గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉంది. అమ్మినాయన 10డబ్ల్యూ-40 పోసేవాడట. ట్రంకు రోడ్డులో నాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన మెకానిక్‌ను అడిగితే, "పాత బండి, పైగా టర్బో. 20డబ్ల్యూ-50 పోయమను" అన్నారు. అక్కడ జనవరిలో మైనస్ 30 డిగ్రీలకు దిగే రోజులు ఉంటాయి. కారు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగుతోంది. చలికాలం ముంచుకొస్తోంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

చీమకుర్తి మెకానిక్

నేను గ్రానైట్ క్వారీ టిప్పర్లు బాగు చేస్తాను. వాటికి 15డబ్ల్యూ-40 తప్ప వేరేది పోయను. రాయి నింపుకుని గుంటలోంచి పైకి ఎక్కే బండిలో టర్బో ఎంత కాగుతుందో చేత్తో పని చేసినవాడికే తెలుస్తుంది. పొగ ఒత్తిడితో తిరిగి ఇంజినులోకి గాలి తోసే ఆ టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని బేరింగుకు తగలకుండా ఆపేది పలుచని నూనె పొర ఒక్కటే. పైగా రెండు లక్షలు తిరిగిన ఇంజినులో సందులు పెరిగి ఉంటాయి, ఆయిల్ తాగడం అందుకే. ఇలాంటి బండిలో నీళ్లలాంటి ఆయిల్ పోస్తే పొర నిలవదు. 20డబ్ల్యూ-50 వద్దంటే వద్దు గానీ, 15డబ్ల్యూ-40కి తగ్గొద్దు.

కందుకూరు, ప్రస్తుతం సాస్కటూన్

చీమకుర్తి అన్న మాటలో సగం నూటికి నూరుపాళ్లు నిజం. రెండో సగం మాత్రం ఇక్కడి చలిలో ఇంజినును చంపేస్తుంది.

నేను కెనడాకు వచ్చిన మొదటి చలికాలం చెబుతాను. పాత కారు కొన్నాను, అందులో ఏ ఆయిల్ ఉందో అడగలేదు. జనవరిలో ఒక ఉదయం మైనస్ 32. తాళం తిప్పితే స్టార్టరు గబగబా తిరగలేదు, బరువు మోస్తున్నవాడిలా మూలిగింది. మూడోసారికి ఇంజిను అందుకుంది. అందుకున్నాక పైభాగంలో టకటకమని ఇనుము మీద ఇనుము కొట్టుకునే చప్పుడు. ఎర్ర ఆయిల్ దీపం ఆరలేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. తొమ్మిది దాకా వచ్చాక ఆరింది. ఆ తొమ్మిది సెకన్లూ ఇంజిను ఆయిల్ అందక పొడిగా నడిచింది. తర్వాత దించి చూస్తే అది 15డబ్ల్యూ-40.

డబ్బా మీద రెండు అంకెలుంటాయి. డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత కదులుతుందో చెబుతుంది, వెనకున్నది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా మిగులుతుందో చెబుతుంది. రెండూ వేర్వేరు పరీక్షలు. పంపు లాగగలదా లేదా అని 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు, 10డబ్ల్యూను మైనస్ 30 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 35 దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 40 దగ్గర. 20డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 20తోనే ముగుస్తుంది. ఎడ్మంటన్‌లో మైనస్ 30కి అది పనికొస్తుందన్న హామీ ఎక్కడా లేదు.

మీరు అడిగిన చిక్కదనం కావాలంటే వెనక అంకెలో తీసుకోండి, ముందు అంకెలో కాదు. 0డబ్ల్యూ-40 పోయించండి. వేడెక్కాక అదీ 15డబ్ల్యూ-40 లాగే 40 గ్రేడే.

ఒంగోలు

నాదొక అభ్యంతరం. కారు తయారుచేసినవాళ్లు 5డబ్ల్యూ-30 అని రాశారు. వాళ్ల కారు గురించి వాళ్లకంటే మనకు ఎక్కువ తెలుసా? మైనస్ 30కి 5డబ్ల్యూ చాలని మీ లెక్కే చెబుతోంది కదా.

ఇంకో సంగతి. 0 నుంచి 40 దాకా అంత వెడల్పు సాధించాలంటే ఆయిల్‌లో పాలిమర్లు కలుపుతారు. పొడవాటి ఆ అణువులు ఇంజినులో నలిగి తెగిపోతాయి. అప్పుడు 40 కాస్తా 30కి దిగుతుంది. 5డబ్ల్యూ-30లో ఆ వెడల్పు తక్కువ కాబట్టి నిలకడ ఎక్కువ. మంచి సింథటిక్ 5డబ్ల్యూ-30 పోసి 5,000 కిలోమీటర్లకోసారి మార్చేస్తే సరిపోతుంది. ఖర్చు కూడా తక్కువ.

గూడూరు శీతల యంత్రాలు

నేను రొయ్యల ప్లాంట్లలో శీతలీకరణ యంత్రాలు బిగిస్తాను. ఈ చర్చ చదివాక నాకు తోచింది చేశాను. ఒక ప్లాంటులో కొత్త బ్లాస్ట్ ఫ్రీజరు ఖాళీగా నడిపి చూస్తున్నాం, సరుకు ఇంకా పెట్టలేదు. యజమానిని అడిగి, మూతలు బిగించిన రెండు గాజు సీసాలు లోపల పెట్టాను. ఒకదానిలో 15డబ్ల్యూ-40, ఇంకోదానిలో 0డబ్ల్యూ-40. రాత్రంతా మైనస్ 35 దగ్గర ఉన్నాయి.

తెల్లారి బయటికి తీసి రెండూ పక్కకు వంచాను. 0డబ్ల్యూ-40 చలికాలపు తేనెలా నెమ్మదిగా జారింది, కానీ జారింది. 15డబ్ల్యూ-40 పేరుకున్న నెయ్యిలా సీసాలో నిలబడిపోయింది. సీసా తలకిందులు చేసి పట్టుకుని నిమిషం చూశాను, పైభాగం కూడా వాలలేదు. ఇది ప్రయోగశాల పరీక్ష కాదని నాకు తెలుసు. కానీ ఆ నెయ్యిని పంపు ఎలా లాగుతుందో నాకైతే అర్థం కాలేదు.

చీమకుర్తి మెకానిక్

గూడూరు తమ్ముడు చూపించింది కాదనలేను. నేను పని చేసే చోట మే నెలలో రాయి మీద కాలు పెట్టలేం, చలి గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ముందు అంకె విషయంలో ఒప్పుకుంటున్నాను. వెనక అంకె 40 ఉండాలన్నది మాత్రం వదలను. ఒకటి అడుగుతాను. అక్కడ ఇంజిను వేడిచేసే హీటరు ఉంటుందంటారు కదా, అది పెడితే 10డబ్ల్యూ-40తో గడవదా?

కందుకూరు, ప్రస్తుతం సాస్కటూన్

మంచి ప్రశ్న. ఇక్కడ చాలా కార్ల ముందు జాలీలోంచి ఒక వైరు వేలాడుతూ కనిపిస్తుంది. రాత్రి గోడ ప్లగ్గులో పెడతారు. కానీ అది వేడిచేసేది ఇంజిను బ్లాకులోని కూలెంటును. అడుగున సంపులో ఉన్న ఆయిల్‌కు ఆ వేడి అంతగా అందదు. పైగా ఆఫీసు దగ్గర ప్లగ్గు లేని చోట ఎనిమిది గంటలు నిలబెడితే సాయంత్రం మళ్లీ మొదటికే. హీటరు పెట్టుకోండి, దాన్ని నమ్మి చిక్కటి ఆయిల్ పోయకండి.

ఒంగోలు గారికి జవాబు. పాలిమర్లు తెగుతాయన్నది వాస్తవం. ఖనిజ నూనెతో చేసిన ఆయిల్‌లో అది పెద్ద సమస్య. సింథటిక్ మూల నూనె తనంతట తానే చలిలో పేరుకోదు, కాబట్టి పాలిమర్ల అవసరం తగ్గుతుంది. ఇంకా ముఖ్యమైన కొలత ఒకటుంది. 150 డిగ్రీల దగ్గర గట్టిగా నలిగేటప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో కొలుస్తారు. టర్బో బేరింగు బతికేది దాని మీదే. 30 గ్రేడుకు కనీసం 2.9 ఉంటే చాలు, 0డబ్ల్యూ-40కి కనీసం 3.5 ఉండాలి. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణం ఏ3/బీ4 అని ఉంటే 3.5కు తగ్గదు.

చలిలో ఇంకొక శత్రువు పెట్రోలే. చల్లని ఇంజినుకు ఎక్కువ పెట్రోలు పోస్తుంది, అది పూర్తిగా మండక సిలిండరు గోడల వెంట సంపులోకి జారుతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లే తిరిగితే ఆ పెట్రోలు ఆవిరయ్యేంత వేడి ఆయిల్‌కు రాదు. ఆయిల్ మూత తీసి చూడండి, అడుగున మీగడలాంటి తెల్లని జిగురు కనిపిస్తుంది. అది చెమ్మ, అదీ ఆవిరయ్యేంత వేడి అందక మిగిలినదే. ఇలా పలుచనయ్యే ఆయిల్ 30తో మొదలవడం కంటే 40తో మొదలవడం నాకు ధైర్యం.

ఒంగోలు

అలా తిరిగే కారుకు గ్రేడు కంటే గడువు ముఖ్యం. పెట్రోలు కలిసిన ఆయిల్ ఏదైనా పారబోయాల్సిందే. నేను 5డబ్ల్యూ-30 మీదే ఉంటాను. కానీ వెయ్యికి అర లీటరు తాగుతున్న ఇంజినులో 0డబ్ల్యూ-40 తప్పని అనను. ఇంతకీ ఎవరూ అడగని మాట ఒకటి. ఈ ఇంజినులో పట్టేదే నాలుగు లీటర్ల పైచిలుకు. మీ తమ్ముడు గేజి పుల్ల తీసి చూశాడా? సుబారు ఇంజిన్లు ఆయిల్ తగ్గితే ఓర్చుకోవు, అడుగు బేరింగులు పోతాయి.

కందుకూరు, ప్రస్తుతం సాస్కటూన్

దానికి తోడు, టర్బోకు ఆయిల్ వెళ్లే గొట్టం మొదట్లో బాంజో బోల్టు (ఆయిల్ పారేలా లోపల బోలుగా ఉండే బోల్టు) లోపల చిన్న జల్లెడ ఉండొచ్చు. పాత ఆయిల్ మడ్డి దానిలో అడ్డుపడితే ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా టర్బోకు చేరదు. మార్చేటప్పుడే విప్పి చూడమనండి.

నెల్లూరు అన్నయ్య

మీ అందరికీ రుణపడి ఉన్నాను. రాత్రి తమ్ముడితో వీడియోలో మాట్లాడాను. చదునైన చోట నిలబెట్టి, ఇంజిను చల్లారాక పుల్ల తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టమన్నాను. ఫోను దగ్గరగా పెట్టి చూపించాడు. ఆయిల్ కింది గుర్తుకు ఇంకా వేలెడు కిందే ఉంది. కొన్నప్పటి నుంచి ఒక్కసారీ చూడలేదట. మా మెకానిక్ కూడా నా పక్కనే ఉన్నారు. "ముందు అది నింపమను, నంబరు సంగతి తర్వాత" అన్నారు.

ఈ వారాంతం పాతది దించి, జల్లెడ విప్పి చూసి, 0డబ్ల్యూ-40 పోయిస్తున్నాడు. 5,000కే మారుస్తానని మాటిచ్చాడు. జల్లెడలో ఏం దొరికిందో ఫొటో పెడతాను.