నకిరేకల్ దగ్గర హోటల్ ముందు ఈవీ ఛార్జర్ పెడితే గిట్టుతదా?

నకిరేకల్ టిఫిన్స్:
అన్నలూ, మాది విజయవాడ హైవే మీద నకిరేకల్ దగ్గర చిన్న టిఫిన్ హోటల్. పన్నెండు టేబుళ్లు, ముందట ఇరవై కార్లు పట్టే జాగ. ఈ మధ్య పచ్చ నంబర్ ప్లేట్ల ఎలక్ట్రిక్ కార్లు బాగ కనబడుతున్నయ్. మొన్న ఆదివారం ఒకాయన దోసె తినుకుంట, "ఈడ ఛార్జింగ్ ఉంటే ఇంకో గంట కూసుందుము గద" అన్నడు. దోసెకు పావుగంట, ఛార్జింగ్‌కు ముప్పావు గంట. మిగిలిన అరగంటల చాయ్, బజ్జీలు పోతయని నా లెక్క.

60 కిలోవాట్ల డీసీ (ఫాస్ట్) ఛార్జర్, రెండు గన్‌లది, అంటే కారుకు తగిలించే పిడులు రెండున్నది చూసిన. కరెంటు అమ్మాలంటే లైసెన్స్ కావాలని మా బామ్మర్ది బెదిరిస్తున్నడు. హోటల్ మీటర్ మీదనే పెట్టొచ్చా? యూనిట్‌కు ఎంత పెడితే మిగులుతది?

కోదాడ గన్:
నేను పెట్టి పద్నాలుగు నెలలైంది. లైసెన్స్ అక్కర్లేదని మీ బావమరిదికి చెప్పండి. బండి ఛార్జ్ చేయడం సర్వీసే, కరెంటు అమ్మకం కాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చేసింది. హోటల్ మీటర్ జోలికి మాత్రం పోకండి, అది కమర్షియల్. ఈవీ కేటగిరీలో వేరే మీటర్ అడగండి.

ఆ 'సర్వీసు' అన్న మాటే జీఎస్టీ దగ్గర మనకు ఎదురు తిరుగుతుంది. కరెంటుకు జీఎస్టీ లేదు, సర్వీసుకు 18 శాతం. మనం కొనే కరెంటు మీద పన్ను లేదు కాబట్టి ఆ 18 శాతంలోంచి మన పెద్ద ఖర్చు మీద తగ్గించి క్లెయిమ్ చేసుకునే పన్నూ ఉండదు. ఇంట్లో ఛార్జ్ చేసుకునేవాడికి ఈ గొడవే లేదు. గన్ పెట్టగానే "మా ఇంట్లో ఇందులో సగమే" అని మొహం మీదే అంటారు, అలవాటు చేసుకోండి.

నాకు అసలు దెబ్బ తగిలింది లైన్ దగ్గర. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు తెచ్చే 11 కేవీ పెద్ద లైన్ రోడ్డుకు అవతల, నా స్థలం ఇవతల. పల్లెల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 2024లో రూల్ మార్చారు గానీ, కొత్తగా లైన్ లాగాలంటే ఆ 15 రోజులు లెక్కలోకి రావు. రోడ్డు దాటించే పర్మిషన్, ఎస్టిమేట్, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ అయ్యేసరికి ఐదు నెలలు. ఛార్జర్ మూడో వారానికే దిగింది. టార్పాలిన్ కప్పి, దానికి వాయిదాలు కడుతూ కూర్చున్నా. వానలకు టార్పాలిన్ కూడా రెండుసార్లు మార్చా.

ఇంకోటి, నా మీటర్లో 100 యూనిట్లు తిరిగితే కార్లోకి వెళ్లేది 93, 94. మిగతాది ఛార్జర్లోనే వేడిగా పోతుంది. రేటు కట్టేటప్పుడు మీటర్ యూనిట్ చూసుకోండి, గన్ యూనిట్ కాదు.

లెక్కల పంతులు:
2024 సెప్టెంబర్ కేంద్ర గైడ్‌లైన్స్ కూడా చూడండి. ఛార్జింగ్ స్టేషన్‌కు ఇచ్చే కరెంటు రేటు పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటు కంపెనీ సగటు సరఫరా ఖర్చుకు 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు ఉండాలన్నారు. 2028 మార్చి దాకా సింగిల్ పార్ట్ టారిఫ్ ఉండాలనీ రాశారు, అంటే విడిగా ఫిక్స్‌డ్ ఛార్జీ ఉండకూడదు. అయితే రేటు ఖరారు చేసేది రాష్ట్ర ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి). టారిఫ్ ఆర్డర్‌లో మీ కేటగిరీ చదవకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు. అందులో కిలోవాట్‌కు ఇంత ఫిక్స్‌డ్ ఛార్జీ అని ఉంటే, నెలంతా ఒక్క కారు రాకపోయినా 60 కిలోవాట్లకూ కట్టాలి.

నకిరేకల్ టిఫిన్స్:
తొమ్మిది నుంచి నాలుగా! మా రష్ పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాక. హైదరాబాద్‌ల ఐదింటికి ఎల్లినోళ్లు మా దగ్గర ఇడ్లీకి ఆగుతరు. మళ్ల ఆదివారం రాత్రి వాపస్ పోయేటోళ్లు. కరెంటు చవకున్నప్పుడు మా హోటల్ల ఈగలు తప్ప ఎవరుండరన్నా.

నెలకు రెండుసార్లు గుంటూరు:
డ్రైవర్ మాట కూడా వినండి. 60 కిలోవాట్లను రెండు గన్‌లు పంచుకుంటే ఒక్కో కారుకు 30. అప్పుడు మీ ముప్పావు గంట గంటన్నర అవుతుంది, దోసె మీద కోపం వస్తుంది. సంక్రాంతికి ఒకచోట నా ముందు ఐదు కార్లు, రెండు గన్‌లలో ఒకటి చచ్చింది. యూనిట్‌కు రూపాయి ఎక్కువైనా ఇస్తాం, గన్ పనిచేస్తే చాలు. బాత్రూం కూడా కాస్త చూడండి.

నకిరేకల్ టిఫిన్స్:
బాత్రూం సంగతి నాకిడిసిపెట్టున్రి. ఇప్పుడే బయటికిపోయి చూసొచ్చిన. 11 కేవీ స్తంభం మా దిక్కే ఉన్నది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పక్కన రైస్ మిల్లోళ్లది. కోదాడన్నా, దాని నుంచి ఇస్తరా, లేకపోతే నేను కొత్తది పెట్టుకోవాల్నా?

కోదాడ గన్:
మిల్లు సొంత డబ్బుతో పెట్టుకున్నదైతే ఆశ వదులుకోండి. ముందు కరెంటాఫీసు ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని) అడగండి. ఛార్జర్‌కు అడ్వాన్స్ ఇచ్చేది ఆ తర్వాతే.