అప్‌డేట్: మా అంబాసిడర్ మెల్‌బోర్న్ రావడం లేదు
కుటుంబమంతా మెల్‌బోర్న్ వెళ్లిపోతున్నాం, నాన్నగారి 1994 అంబాసిడర్ కారుని కూడా తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా, చాలామంది ఓపిగ్గా జవాబులిచ్చారు, అందుకే ఏం తేలిందో చెబుతున్నాను. బండి పర్లాకిమిడిలోనే ఉంటోంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆస్ట్రేలియాలో 25 ఏళ్లు దాటిన బండికి దిగుమతి అనుమతి దొరికే వీలుంది, స్టీరింగ్ కూడా మనలాగే కుడివైపే. కాకపోతే అనుమతి చేతికి వచ్చాకే ఓడ ఎక్కించాలి. అసలు చిక్కు ఆస్బెస్టాస్‌తో, అంటే పాత బండ్ల బ్రేకుల్లో, క్లచ్‌లో వాడిన, ఊపిరితిత్తులకు హాని చేసే రాతినారతో. 2003 చివరి నుంచి అక్కడ దానిమీద పూర్తి నిషేధం, పాత బండి అన్నా ఒప్పుకోరు. పాతపట్నం మెకానిక్ వెనక చక్రం డ్రమ్ము విప్పి, నల్లటి దుమ్ము పట్టిన బ్రేక్ షూ చూపించి, "ఇవీ, క్లచ్ ప్లేటూ, గాస్కెట్లూ దేంతో చేశారో నేను రాసివ్వలేను బాబూ" అన్నాడు. అవన్నీ మార్చి, పరీక్ష చేయించి, అడుగున అతుక్కున్న ఎర్రమట్టి, గడ్డి గింజలు ఒక్కటీ మిగలకుండా కడిగించి పంపాలి. ఖర్చు సంగతి అలా ఉంచితే, నాన్నగారు దగ్గరుండి వేయించిన సామాన్లు పీకించడానికి నాకు మనసొప్పలేదు.

మావయ్య తీసుకుంటానన్నారు. ఆర్సీ ఆయన పేరు మీదికి మారుస్తున్నాం, ఇన్సూరెన్స్ కట్టేశాం. బ్యాటరీ పడిపోకుండా వారానికోసారి కాశీనగర్ రోడ్డు మీద తిప్పుతానని మాటిచ్చారు. మీలో ఎవరైనా పాత బండితో అటు వెళ్తుంటే, షిప్పింగ్ వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చే ముందే మెకానిక్‌తో ఈ ఆస్బెస్టాస్ విషయం తేల్చుకోండి.