చర్చ: రక్షణ పరిశోధనకు, పౌర పరిశోధనకు ఒకే సమన్వయ మండలి ఉండాలా?

గోల్కొండ పాఠకుడు:
రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, అంతరిక్ష సంస్థ ఇస్రో, అణుశక్తి విభాగం వేర్వేరు బడ్జెట్లతో, వేర్వేరు యాజమాన్యాల కింద పనిచేస్తున్నాయి. వీటి సాంకేతిక ప్రణాళికను ఒకే ప్రభుత్వ మండలికి అప్పగించాలని నా వాదన. 1980 జూలైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు మొదటి దశ మోటారునే, 1989 మేలో పరీక్షించిన అగ్ని క్షిపణికీ మొదటి దశగా వాడారు. ఆ రాకెట్టు ప్రాజెక్టును నడిపిన అబ్దుల్ కలాం 1982లో హైదరాబాదులోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు రావడం అందుకు ఎంతగానో తోడ్పడింది. ఇంత ముఖ్యమైన పని ఒకరి బదిలీ మీద ఆధారపడకూడదు.

లోహశాస్త్ర విద్యార్థిని:
నేనూ ఏకీభవిస్తున్నాను. పోలియో సోకిన పిల్లలు మోయవలసి వచ్చిన మూడు కిలోల కాలిపర్ల (కాలికి ఊతంగా కట్టే పట్టీల) స్థానంలో, అగ్ని కోసం తయారుచేసిన మిశ్రమ పదార్థంతో కొన్ని వందల గ్రాముల కాలిపర్లు వచ్చాయి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి వైద్యుడొకరు ప్రయోగశాలకు వచ్చి ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూడడంతో ఇది మొదలైందని కలాం స్వయంగా చెప్పారు. అలాంటి సందర్శన జరగని ప్రయోగశాలల్లో ఎన్ని ఉపయోగాలు మరుగున పడి ఉంటాయో ఆలోచించండి.

కంచన్‌బాగ్ విశ్రాంత ఇంజినీరు:
మీ ఇద్దరి ఉదాహరణలూ నిజమే కానీ, వాటి నుంచి ఒకే మండలి కావాలన్న నిర్ణయానికి రాలేము. ఆ వైద్యుడికి కావలసింది ప్రయోగశాలలోకి ప్రవేశం. ఢిల్లీలో ఇంకొక కమిటీ కాదు.

ఎస్‌ఎల్‌వి మోటారు అగ్నికి వెళ్లిన కథకు రెండో సగం ఉంది. పౌర రాకెట్టుకూ క్షిపణికీ మధ్య గీత చెరిగిపోయిందన్న అనుమానం విదేశాల్లో బలపడింది. 1992 మేలో, క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ ఒప్పందాన్ని చూపుతూ అమెరికా ఇస్రో మీదా, రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ మీదా రెండేళ్ల ఆంక్షలు విధించింది. మరుసటి ఏడాది రష్యా, ఇస్రోకు ఇస్తానన్న క్రయోజెనిక్ ఇంజను పరిజ్ఞానం ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. అతిశీతల ద్రవాలను నింపుకోవలసిన ఆ ఇంజను క్షిపణికి ఏమాత్రం అనువైనది కాదు, అయినా ఆపేశారు. మన సొంత క్రయోజెనిక్ దశతో ఇస్రో జీఎస్‌ఎల్‌వి రాకెట్టు విజయవంతంగా ఎగిరింది 2014 జనవరిలో. ఆ రెండు దశాబ్దాల జాప్యానికి కారణాలు ఎన్నో ఉన్నా, ఆ అనుమానాన్ని లెక్కలోంచి తీసేయలేము.

అణుశక్తి రంగంలో మనం దీనికి ఎదురుదారి పట్టాము. పౌర, సైనిక అణు కేంద్రాలను వేరుచేసిన 2006 విభజన ప్రణాళికలో 22 రియాక్టర్లకు 14 పౌర అవసరాలవని ప్రకటించి, దశలవారీగా అంతర్జాతీయ తనిఖీకి ఒప్పుకున్నాము. ఆ తరువాతే, 2008 సెప్టెంబరులో, అణు ఎగుమతులను నియంత్రించే దేశాల కూటమి అయిన అణు సరఫరాదారుల బృందం తన నిబంధనల నుంచి మనకు మినహాయింపు ఇచ్చింది, విదేశీ యురేనియం రావడం మొదలైంది. గీత స్పష్టంగా గీసినందుకు పౌర రంగానికి దక్కిన ఫలం అది. విభజనను అప్పట్లో ఎందరో శాస్త్రవేత్తలు వ్యతిరేకించారు. వారి భయాలను నేను తేలికగా తీసుకోను, కానీ ఆయుధ కార్యక్రమం తనిఖీ బయటే ఉండిపోయింది కదా.

గోల్కొండ పాఠకుడు:
చైనా 2017లో షీ జిన్‌పింగ్ అధ్యక్షతన సైనిక, పౌర రంగాల సమ్మేళనానికి కేంద్ర కమిషన్ ఏర్పాటు చేసింది. మనం వెనుకబడిపోమా?

కంచన్‌బాగ్ విశ్రాంత ఇంజినీరు:
ఆ విధానాన్నే కారణంగా చూపి, దానికి సహకరించే సంస్థలతో సంబంధమున్న చైనా పరిశోధక విద్యార్థులకు 2020 జూన్‌లో అమెరికా వీసాలు నిరాకరించడం మొదలుపెట్టింది. రేపు మన ఐఐటీ విద్యార్థులకు ఆ గతి పట్టకూడదన్నదే నా ఆందోళన.

నేను సమన్వయానికి వ్యతిరేకిని కాను. అది పదార్థాల స్థాయిలో, పరీక్షా సదుపాయాల స్థాయిలో ఉండాలి. 1973లో స్థాపించిన ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ఇక్కడే, హైదరాబాదులోనే ఉంది. రాకెట్లకూ క్షిపణులకూ ప్రత్యేక ఉక్కును, టైటానియం మిశ్రమ లోహాలను అందిస్తూనే శరీరంలో అమర్చే ఇంప్లాంట్లనూ తయారుచేస్తోంది. లోహం ఒకటే అయినా కొనేవారు వేరు, లెక్కలు వేరు. మీ మండలికి బదులు నేను కోరేది ఒక బహిరంగ పట్టిక: రక్షణ ప్రయోగశాలలు పరిశ్రమకు బదిలీ చేసిన ప్రతి పౌర పరిజ్ఞానం ఏ సంవత్సరంలో ఎవరికి వెళ్లింది, తయారీ దాకా వచ్చిందా, ఆగితే ఏ దశలో ఆగింది అన్నవి అందులో ఉండాలి.

లోహశాస్త్ర విద్యార్థిని:
ఆ పట్టికలో వైద్య పరికరాలకు రోగులపై జరిపే పరీక్షల ఖర్చు ఎవరు భరించారో కూడా చేర్చాలి. తేలికపాటి కాలిపరు తయారుకావడంతోనే పని ముగియదు. జిల్లా ఆసుపత్రికి చేర్చే బాధ్యత క్షిపణి ప్రయోగశాలదా, ఆరోగ్య శాఖదా అన్నది ముందే తేలాలి.